స్ట్రోక్ రోగికి ఆక్సిజన్: గొడవ మళ్లీ ఎందుకొచ్చింది

మెదడులో పెద్ద రక్తనాళం మూసుకుపోయినవారికి గడ్డ తీసే చికిత్సతోపాటు నాలుగు గంటలు ఆక్సిజన్ ఇస్తే, మూడు నెలలకు వైకల్యం తగ్గిందని చైనాలో జరిగిన ఓపెన్స్-2 అధ్యయనం 2025లో చెప్పింది. దాంతో పాత వాదన మళ్లీ లేచింది. అలాగైతే స్ట్రోక్ వచ్చిన అందరికీ మాస్క్ పెట్టేయొచ్చు కదా అంటున్నారు. పెట్టకూడదు. ఎందుకో తెలియాలంటే 2017లో ఏం తేలిందో చూడాలి.

ఆ ఏడాది బ్రిటన్‌లోని స్ట్రోక్ ఆక్సిజన్ స్టడీ ఫలితాలు వచ్చాయి. క్రిస్టీన్ రోఫ్ బృందం 136 కేంద్రాల్లో 8,003 మందిని మూడు గుంపులు చేసింది. ఒక గుంపుకు 72 గంటలు ఆపకుండా, మరో గుంపుకు మూడు రాత్రులు మాత్రం, నిమిషానికి రెండు మూడు లీటర్ల చొప్పున ఆక్సిజన్ ఇచ్చారు. మూడో గుంపుకు అవసరం పడితేనే. స్ట్రోక్ తర్వాత రాత్రిపూట, ఎవరూ గమనించని వేళ, రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంటుంది. పడిపోకముందే ఇస్తే మెదడు దక్కుతుందన్నది వాళ్ల ఆశ, మంచి ఆశే. 90 రోజులకు చూస్తే మరణాల్లో తేడా లేదు, కోలుకోవడంలోనూ లేదు.

నిజానికి 1999లోనే నార్వే నుంచి హెచ్చరిక వచ్చింది. స్ట్రోక్ మరీ తీవ్రంగా లేనివారిలో, ఆక్సిజన్ ఇవ్వనివాళ్లే ఏడాది తర్వాత ఎక్కువమంది బతికి ఉన్నారు. 2018లో రకరకాల తీవ్ర జబ్బులవాళ్లు, 16 వేలమందికి పైగా ఉన్న 25 అధ్యయనాలను కలిపి చూస్తే, ధారాళంగా ఆక్సిజన్ ఇచ్చినచోట మరణాలు పెరిగాయి. అవసరానికి మించిన ఆక్సిజన్‌తో రక్తనాళాలు ముడుచుకుంటాయి. పైగా ట్యూబు రోగిని మంచానికి కట్టేస్తుంది. లేచి నడవాల్సిన రోజులవి! అందుకే రక్తంలో ఆక్సిజన్ 94 శాతం కంటే పైన ఉండేలా చూసుకోండి, తగ్గనివారికి ఇవ్వొద్దు అని 2019 నాటి అమెరికా మార్గదర్శకాలు చెప్పాయి.

2017లో డోసు చాలలేదని, ఆలస్యమైందని ఆక్సిజన్ ఇవ్వాలనేవారి మాట. ఓపెన్స్-2లో ఇచ్చింది నిమిషానికి పది లీటర్లు. కానీ అందులో ఉన్నది 282 మందే, అందరూ గడ్డ తీసే చికిత్సకు ఎంపికైనవాళ్లే. ఎక్కువ డోసు ఇంతకుముందూ ఆశపెట్టింది. 2005లో బోస్టన్‌లో 16 మందిపై కనిపించిన మెరుగుదలను నమ్మి పెద్ద ట్రయల్ మొదలుపెడితే, ఆక్సిజన్ గుంపులో మరణాలు ఎక్కువై 85 మంది దగ్గర ఆపేశారు. ఆ మరణాలకు ఆక్సిజనే కారణమని తేలలేదు, నిజమే. మేలు చేసిందనీ తేలలేదు.

గడ్డ తీసే చికిత్సకు వెళ్లని, ఆక్సీమీటర్‌లో 97 చూపిస్తున్న రోగి గురించి కొత్త అధ్యయనంలో ఏమీ లేదు. అలాంటివాళ్లకు ఇవ్వాలా వద్దా అన్నదానికి జవాబు ఆ 8,003 మంది దగ్గరే ఉంది.