కంటి తూముకు బిరడా

"కండ్లల్ల నీళ్లు ఆగుతలేవు మొర్రో అంటుంటే, కండ్లు ఎండిపోయినయ్ అంటడేంది బిడ్డా డాక్టరు?"

హన్మకొండ నుంచి మా పెద్దమ్మ ఫోన్లో అడిగిన మాట ఇది. పొద్దున లేవగానే కళ్లలో ఇసుక పోసినట్టు గరగర. బండి వెనక కూచుంటే, గాలి తగిలీ తగలక ముందే చెంపల మీద ధారలు. సాయంత్రం టీవీ ముందు కూచునేసరికి మంట. రెండేళ్లుగా కొంగుతో కళ్లు తుడుచుకుంటున్న మనిషికి "పొడిబారాయి" అని చెబితే కోపం రావడంలో న్యాయం ఉంది.

డాక్టరు చెప్పిందీ నిజమే. కంటిని రోజంతా తడిపి ఉంచే నీరు వేరు, పొగ తగిలినప్పుడో దుఃఖం వచ్చినప్పుడో పొంగే నీరు వేరు. మొదటిది మనకు తెలియకుండా నిమిషానికి ఒకటి రెండు మైక్రోలీటర్ల (మిల్లీలీటరులో వెయ్యో వంతు) చొప్పున ఊరుతుంది. ఏ క్షణాన చూసినా కంటి మీద నిలిచి ఉండేది దాదాపు 7 మైక్రోలీటర్లు, అంతే. మందుల షాపులో కొన్న సీసాలోంచి పడే ఒక్క చుక్క దానికి నాలుగైదు రెట్లు ఉంటుంది. ఆ కాస్త నీటినే కన్ను ఎంతో నేర్పుగా పరుచుకుంటుంది: అడుగున కంటికి అంటుకునే జిగురు, దానితో కలిసిపోయిన నీరు, ఆవిరైపోకుండా పైన పలచటి నూనె. నీరు కంటికి పైన, కణత వైపు ఎముక చాటున ఉండే కన్నీటి గ్రంథి నుంచి వస్తుంది. నూనె రెప్పల అంచుల్లో వరసగా ఉండే మైబోమియన్ గ్రంథుల నుంచి వస్తుంది. ఈ పొర ఎక్కడైనా చిరిగితే కార్నియా (నల్లగుడ్డు మీది అద్దంలాంటి పొర) మీది నరాలకు గాలి తగులుతుంది. అవి గోల చేస్తాయి. మెదడు ఒక్కసారిగా నీళ్లు వదలమంటుంది. ఆ వరద కంటి మీద నిలవదు, చెంప మీదుగా పోతుంది. పెద్దమ్మ తుడుచుకుంటున్నది ఆ వరదనే. ఎండిన కన్నే నీళ్లు కారుస్తోంది.

ఆమె పుట్టిన ఊళ్లో చెరువుంది. అందుకే మిగతాది చెప్పడం నాకు తేలికైంది.

అద్దం ముందు నిలబడి కింది రెప్పను ముక్కు వైపు కొంచెం బయటికి లాగి చూడండి. రెప్ప అంచున చిన్న బుడిపె, దాని మీద సూది మొనతో గుచ్చినట్టు ఒక చుక్క కనిపిస్తాయి. అదే తూము. దాని వెడల్పు మిల్లీమీటరులో మూడో వంతు కూడా ఉండదు. పై రెప్పకూ ఒకటి ఉంటుంది. రెండు కళ్లకూ కలిపి నాలుగు. అక్కడి నుంచి సన్నని కాలువ రెండు మిల్లీమీటర్లు లోపలికి దిగి, మలుపు తిరిగి, ముక్కు వైపు ఎనిమిది మిల్లీమీటర్లు సాగి, కన్నీటి సంచిలో కలుస్తుంది. సంచి నుంచి నాళం ముక్కు లోపలికి దిగుతుంది. రెప్ప వేసిన ప్రతిసారీ చుట్టూ ఉన్న కండరం ఈ దారిని నొక్కి వదులుతూ నీటిని లోపలికి తోడుతుంది. ఏడ్చినప్పుడు ముక్కు కారేది ఇందుకే. కంట్లో వేసుకున్న చుక్కల మందు కాసేపటికి గొంతులో చేదుగా తగిలేదీ ఇందుకే.

వానలు సరిగా పడని ఏడు, చెరువు నీళ్లు చూసుకునే నీరటి ఏం చేస్తాడు? తూము మూస్తాడు. పొడి కంటికి పంక్టల్ ప్లగ్ పెట్టడమంటే అదే. ఉన్న కాస్త నీరు పోకుండా ఆపడం.

ఈ ఆలోచన కొత్తది కాదు. కార్నియా మీద దారపు పోగుల్లా తెట్టు కట్టే జబ్బుతో బాధపడే వారికి ఈ రంధ్రాలను కాల్చి మూసేయడం గురించి అమెరికన్ వైద్యుడు బీథమ్ 1935లోనే రాశారు. కాల్చితే మళ్లీ తెరవడం కష్టం. తర్వాత కన్ను కోలుకుని నీళ్లు ఎక్కువైతే ఏం చేయాలి? 1961లో ఫౌల్డ్స్ అనే వైద్యుడు కరిగిపోయే జెలటిన్ పుల్లలు పెట్టి చూశారు. అమెరికాలోని మెంఫిస్ నగరంలో పనిచేసిన జెర్రీ ఫ్రీమన్ 1975లో సిలికోన్ ప్లగ్ గురించి ప్రకటించారు. అసలు మలుపు ఇదేనని నా అభిప్రాయం. అక్కర తీరాక తీసేయగల బిరడా దొరికింది. ఇప్పటికీ చాలా ప్లగ్‌ల ఆకారం దాన్ని పోలి ఉంటుంది: పైన గొడుగు తల, సన్నని మెడ, లోపల పట్టుకుని ఉండేందుకు కాస్త ఉబ్బిన మొన. మొత్తం కలిపి నువ్వుగింజ కన్నా చిన్నది.

పెద్దమ్మను మొదటిసారి తీసుకెళ్లినప్పుడు డాక్టరు ప్లగ్ పెట్టనన్నారు. వినగానే నాకూ చిరాకేసింది, తర్వాత ఆయన మీద గౌరవం పెరిగింది. ఆమె రెప్పల అంచులు వాచి, నూనె గ్రంథుల మూతులు పూడుకుపోయి ఉన్నాయి. అలాంటి కంట్లోని నీటిలో వాపును పెంచే పదార్థాలు ఉంటాయి. తూము మూస్తే అవీ లోపలే నిలుస్తాయి. మురుగు నీటిని నిల్వ చేసినట్టవుతుంది. మొదట వేడి గుడ్డ కాపడం, రెప్పలు శుభ్రం చేసుకోవడం, వాపు తగ్గించే చుక్కలు ఇచ్చి ఆరు వారాల తర్వాత రమ్మన్నారు.

రెండోసారి వెళ్లినప్పుడు కింది రెప్పలో సన్నని కాగితపు పట్టీ వేలాడదీశారు. జర్మన్ వైద్యుడు ఒట్టో షిర్మర్ 1903లో చెప్పిన పరీక్ష అది. ఐదు నిమిషాల్లో ఆ కాగితం ఎన్ని మిల్లీమీటర్లు తడిసిందో చూస్తారు. ఐదు లోపు అయితే నీరు బాగా తక్కువని అర్థం. పెద్దమ్మకు మూడు తడిసింది. ఈ పరీక్ష ఒకరోజు ఒకలా, మరోరోజు మరోలా రావడం కద్దు. అందుకే దీన్ని ఒక్కదాన్నే నమ్మరు. పసుపు రంగు వేసి, కంటి పొర ఎన్ని సెకన్లకు చిరుగుతోందో కూడా చూశారు.

మొదట పెట్టినవి కొలాజెన్ పుల్లలు. కొద్ది రోజుల్లో వాటంతట అవే కరిగిపోతాయి. తూము మూస్తే చెరువు పొంగి చెంపల మీదికి వస్తుందేమో తెలుసుకోవడానికి ఇది పరీక్ష. రాలేదు. అప్పుడు కింది రెండు రంధ్రాలకే సిలికోన్ ప్లగ్‌లు పెట్టారు. ఇంజెక్షన్ లేదు, కోత లేదు. మొద్దుబారే చుక్కలు వేసి, రంధ్రం కొలత చూసి, కాస్త వెడల్పు చేసి, సన్నని పనిముట్టుతో దించారు. కళ్లు రెండూ అయ్యేసరికి పది నిమిషాలు పట్టలేదు. మొదటి రెండు రోజులు ముక్కు మూలన ఏదో ఉన్నట్టే ఉందంది. తర్వాత మరిచిపోయింది.

ఎవరికి బాగా పనికొస్తుందంటే, నీరే తక్కువగా ఊరేవారికి. లాలాజల, కన్నీటి గ్రంథుల మీద శరీరమే దాడి చేసే షోగ్రెన్ జబ్బు ఉన్నవాళ్లు అలాంటివారు. ఈ జబ్బు ఆడవాళ్లలోనే చాలా ఎక్కువ. 1933లో దీని మీద సిద్ధాంత గ్రంథం రాసిన స్వీడన్ కంటి వైద్యుడు హెన్రిక్ షోగ్రెన్ పేరే దీనికి పెట్టారు. కళ్లద్దాల అవసరం తగ్గించేందుకు లేజర్‌తో చేసే లేజిక్ ఆపరేషన్ తర్వాత కొన్నాళ్లు పొడి కళ్లతో ఇబ్బంది పడేవారికీ ప్లగ్‌లు వాడతారు. ఇక మన హైదరాబాదు ఐటీ కుర్రకారు సంగతి వేరు. తెర వైపు చూస్తున్నంతసేపూ రెప్ప వేయడం సగానికి పైగా తగ్గిపోతుంది. ఏసీ గాలి దానికి తోడు. అక్కడ నీరు ఊరుతూనే ఉంది, ఆవిరైపోతోంది. అలాంటివాళ్లు నేరుగా ప్లగ్ కోసం అడగడం నాకు సబబుగా అనిపించదు. ముందు నూనె గ్రంథులు చూపించుకోవాలి, రెప్పలు నిండుగా వేయడం అలవాటు చేసుకోవాలి.

రుజువుల విషయంలోనూ దాపరికం అక్కర్లేదు. ప్లగ్‌ల మీద జరిగిన పరీక్షలన్నిటినీ కలిపి చూసిన 2017 నాటి కొక్రేన్ (వైద్య రుజువులను సమీక్షించే అంతర్జాతీయ సంస్థ) సమీక్ష గట్టి తీర్పు ఇవ్వలేకపోయింది. పరీక్షలు చిన్నవి, ఒకదానితో ఒకటి పోల్చలేనంత తేడాగా జరిగినవి. ఆరోగ్యంగా ఉన్న కళ్లకు ప్లగ్‌లు పెట్టి చూసిన ఒక అధ్యయనంలో మొదట కన్నీరు ఊరడం తగ్గి, రెండు వారాలు దాటాక మళ్లీ మామూలైంది. అంటే కన్ను తన నీటి మట్టాన్ని తానే చూసుకుంటూ ఉంటుంది. అందుకే ప్లగ్ పెట్టిన తర్వాత మళ్లీ చూపించుకోవడం తప్పనిసరి. ప్లగ్ ఊడిపోవచ్చు, జారి లోపలి కాలువలోకి దిగవచ్చు, అరుదుగా అక్కడ చీము పట్టవచ్చు. రెప్ప మూలన వాపు, నొప్పి, పుసి కనిపిస్తే ఆలస్యం చేయకూడదు. రోజూ వేసుకునే చుక్కల్లో ప్రిజర్వేటివ్ (మందు పాడవకుండా కలిపేది) ఉంటే, తూము మూశాక అది కంటి మీద మరింతసేపు నిలిచి ఒరుసుకుంటుంది. ప్రిజర్వేటివ్ లేనివి ఇవ్వమని అడగాలి.

ఇదే దారిని మందు ఇవ్వడానికీ వాడుకుంటున్నారు. కంటి ఆపరేషన్ తర్వాత ఆ కాలువలో పెడితే నెల రోజుల పాటు కొంచెం కొంచెంగా వాపు తగ్గించే డెక్సామెథసోన్ మందు వదిలి, తర్వాత కరిగిపోయే పుల్లకు 2018లో అమెరికా అనుమతి ఇచ్చింది. చేతులు వణికే ముసలివాళ్లకు రోజుకు నాలుగు సార్లు చుక్కలు వేసుకోవడం ఎంత కష్టమో చూసినవాణ్ణి. అందుకే ఈ దిశలో జరిగే పని మీద నాకు ఆశ.

మూడు నెలల తర్వాత పెద్దమ్మ మళ్లీ ఫోన్ చేసింది. మూలన దురద పుడితే వేలితో గట్టిగా నలిపిందట. "కుడి దిక్కు తూం బిరడా లేసిపోయింది బిడ్డా, మళ్లా ఇసుక పోసినట్టున్నది." మరుసటి వారం డాక్టరు కొంచెం పెద్ద కొలత ప్లగ్ పెట్టారు. రోజుకు పదిసార్లు వేసుకునే చుక్కలు ఇప్పుడు మూడుసార్లకు వచ్చాయి. బండి ఎక్కేటప్పుడు మాత్రం కళ్లద్దాలు పెట్టుకుంటోంది.