లక్షల క్యూసెక్కులు మన గుమ్మానికి ఎంత? వరదపై అపోహలు – వాస్తవాలు

ముంపు మ్యాపులు తయారుచేయడం నా వృత్తి. వరద తీసిన తర్వాత వీధి వీధీ తిరిగి, బురద నీళ్లు గోడల మీద వదిలిన చారలు ఎంత ఎత్తున ఉన్నాయో కొలిచి మ్యాపులోకి ఎక్కిస్తాం. 2024 వరద తర్వాత విజయవాడ సింగ్ నగర్‌లో ఒక పెద్దావిడ గోడకున్న క్యాలెండరు పక్కకు జరిపి చార చూపించారు. స్విచ్ బోర్డుకు జానెడు పైన ఉంది. "టీవీలో లక్షల క్యూసెక్కులని చెబుతూనే ఉన్నారు బాబూ. అది మా గుమ్మానికి ఎంతో ఎవరూ చెప్పలేదు" అన్నారు. ఆవిడ అడిగిందే అసలైన ప్రశ్న. ఊళ్లో నేను తరచూ వినే కొన్ని మాటలను ఆ ప్రశ్నతోనే చూద్దాం.

అపోహ: కృష్ణకు దూరంగా ఉన్నాం, మాకు ముంపు రాదు.

2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీకి మునుపెన్నడూ నమోదు కానంత వరద వచ్చింది: 11.43 లక్షల క్యూసెక్కులు. (క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు, దాదాపు 28 లీటర్లు.) అయినా నది ఒడ్డునే ఉన్న కృష్ణలంకను చాలావరకు రక్షణ గోడ కాపాడింది. నదికి కిలోమీటర్ల దూరంలో ఉన్న సింగ్ నగర్, రాజరాజేశ్వరీపేట, పాయకాపురం మాత్రం రోజుల తరబడి నీళ్లలో నానాయి. వాటిని ముంచింది బుడమేరు.

మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేరులో కలిసే వాగు అది. వెలగలేరు దగ్గర నీటిని అదుపు చేసే గేట్ల కట్టడం (రెగ్యులేటర్) కట్టి, అక్కడి నుంచి డైవర్షన్ కాలువ ద్వారా కొంత నీటిని బ్యారేజీకి ఎగువన కృష్ణలోకి మళ్లిస్తారు. ఆ నీరు నదిలోకి దిగాలంటే నది మట్టం తగ్గి ఉండాలి. నది నిండుగా ఉంటే కాలువ నీరు ముందుకు కదలదు, వెనక్కి ఎగదన్నుతుంది. ఆ రోజు వాగూ నదీ ఒకేసారి పొంగాయి, డైవర్షన్ కాలువ కట్టకు గండ్లు పడ్డాయి. గుంటూరు వైపు కొండవీటి వాగుదీ ఇదే కష్టం. నది నిండితే వాగు నీరు దానంతట అది దిగదు కాబట్టే ఉండవల్లి దగ్గర పంపులు పెట్టి ఎత్తిపోస్తున్నారు.

బ్యారేజీ దగ్గర 3.97 లక్షల క్యూసెక్కులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 5.69 లక్షలకు రెండోది ఇస్తారు. అవి కృష్ణ గురించిన హెచ్చరికలు. సింగ్ నగర్ వాసులకు అంతకంటే ముఖ్యమైనవి మైలవరం వైపు పడిన వాన, వెలగలేరు దగ్గరి నీటిమట్టం.

అపోహ: బ్యారేజీలో నీళ్లు ఆపి ఉంటే వరద తగ్గేది.

కోపంతో అనే మాట ఇది, ఆ కోపం నాకు అర్థమవుతుంది. కానీ లెక్క ఒప్పుకోదు. ప్రకాశం బ్యారేజీ నిల్వ సుమారు 3 టీఎంసీలు (టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు). 11.43 లక్షల క్యూసెక్కులంటే సెకనుకు మూడు కోట్ల లీటర్లకు పైమాటే. ఆ వేగంతో వస్తే ఖాళీ బ్యారేజీ కూడా ముప్పావు గంటలో నిండిపోతుంది. బ్యారేజీకి ఎగువన ఉన్న 45.77 టీఎంసీల పులిచింతల జలాశయం పూర్తిగా ఖాళీగా ఉన్నా పదకొండు గంటలకు మించి ఆపలేదు. పైగా ఖమ్మాన్ని ముంచిన మున్నేరు పులిచింతలకు దిగువన కృష్ణలో కలుస్తుంది, దాన్ని పులిచింతలలో ఆపే వీలే లేదు. బ్యారేజీ ఉన్నది సాగునీటి కాలువలకు నీరందించడానికి, వరదను ఆపడానికి కాదు.

అపోహ: వందేళ్లకోసారి వచ్చే వరద వచ్చేసింది, మన జీవితంలో ఇక రాదు.

ఈ పేరు పెట్టినవారి మీద నాకు కోపం. వందేళ్ల వరద అంటే ఏ ఏడాదైనా రావడానికి నూటికి ఒక వంతు అవకాశం ఉన్న వరద అని అర్థం. వరద తన వంతు తీర్చుకుని వెళ్లిపోదు. ముప్పై ఏళ్ల అప్పుతో ఇల్లు కొన్నవారికి ఆ అప్పు తీరేలోగా అలాంటి వరద ఒక్కసారైనా తగిలే అవకాశం నూటికి ఇరవై ఆరు. 2009 అక్టోబరులో బ్యారేజీ దగ్గర ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది, పదిహేనేళ్లకే ఆ రికార్డు చెరిగింది.

అపోహ: రెడ్ అలర్ట్ అన్నారు, మా వీధిలో చినుకు పడలేదు. అంతా ఉత్తిదే.

అలర్టు జిల్లాకు ఇస్తారు, వీధికి కాదు. రెడ్ అంటే సాధారణంగా ఒక్క రోజులో 20 సెంటీమీటర్లు దాటే వాన. వంద చదరపు మీటర్ల డాబా మీద అది ఇరవై వేల లీటర్లు. అది మీ మీద పడకుండా మైలవరంలో పడినా చివరికి చేరేది మీ వైపే.

అపోహ: ఉపగ్రహాలు, డ్రోన్లు ఉన్నాయి, అవే చూసుకుంటాయి.

మామూలు ఉపగ్రహ చిత్రానికి మబ్బు అడ్డం. రాడార్ ఉపగ్రహం మబ్బును దాటి చూస్తుంది కానీ అది మన ఊరి మీదకు గంట గంటకూ రాదు. నీరు ఎంత దూరం పరుచుకుందో చెబుతుంది, మీ ఇంట్లో ఎంత లోతుందో నేరుగా చెప్పదు. 2024లో డ్రోన్లు ఆహారం మోశాయి, గొప్ప సాయం. అయితే అది మునిగిన తర్వాతి సాయం. మునగకముందు పనికొచ్చేది వాగు మీద నీటిమట్టం కొలిచే గేజి, నేల ఎత్తుపల్లాల కొలతలు, గోడ మీద చారలు. ఈ మూడింటినీ కలిపితే వెలగలేరు దగ్గర మట్టం ఇంత ఉంటే మీ వీధిలో నీరు సుమారు ఎంతవరకు రావచ్చో లెక్క కట్టవచ్చు.

మేం ఒక కాలనీలో ఆ లెక్కను కరెంటు స్తంభాల మీద మూడు రంగుల గీతలుగా వేశాం. మైకులో "పసుపు గీత" అంటే చాలు, కాగితాలు, మందులు, బియ్యం పైకి చేరుస్తారు. "నారింజ గీత" అంటే మంచం పట్టినవారిని, గర్భిణులను, పసిపిల్లలను ముందుగా తరలిస్తారు. "ఎర్ర గీత" అంటే కరెంటు మెయిన్ ఆపేసి అందరూ బయలుదేరాలి. క్యూసెక్కుల ప్రస్తావనే ఉండదు.

అపోహ: మోకాలి లోతే కదా, దాటేయవచ్చు.

వేగంగా పారే నీరు చీలమండ దాటితేనే కాళ్లు నిలవవు. అడుగు లోతులో చిన్న కారు తేలిపోతుంది. మూత లేని మ్యాన్‌హోల్ బురద నీటిలో కనిపించదు. ఆగిపోయి 112కు గానీ 1070కి గానీ ఫోను చేయండి.

ఆ పెద్దావిడ ఇంటికి మొన్న మళ్లీ వెళ్లాను. స్విచ్ బోర్డును చార కంటే రెండడుగులు పైకి మార్పించారు. గోడలకు కొత్తగా సున్నం వేయించారు కానీ క్యాలెండరు వెనక ఆ చారను మాత్రం అలాగే ఉంచమన్నారట.