"పక్కన నిలబడ్డానంతే సార్": ర్యాగింగ్ చూసినవాళ్ళ అపోహలు, వాస్తవాలు

కొత్త బ్యాచ్ వచ్చిన నెలలో నా గదికి రెండు రకాల పిల్లలు వస్తారు. ర్యాగింగ్‌కి గురైన ఫస్టియర్లు కొందరు. వాళ్ళకన్నా ఎక్కువగా, అది జరిగినప్పుడు అక్కడే ఉన్న సెకండియర్లు. ఇంజనీరింగ్ కాలేజీలో కౌన్సెలర్‌గా పన్నెండేళ్ళ నుంచి వాళ్ళ నోట వింటున్న మాట ఒకటే: "నేనేం చేయలేదు సార్, పక్కన నిలబడ్డానంతే." ఇది వాళ్ళ కోసం రాస్తున్నాను.

అపోహ: గదిలో అందరికీ అది సరదాగానే ఉంది, ఇబ్బంది నాకొక్కడికే.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది ఇదే. ఎంక్వైరీలో ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి అడుగుతాం. ఆరుగురున్న గదిలో నలుగురు ఒకే మాట చెప్పిన సందర్భాలున్నాయి: "నాకు నచ్చలేదు సార్, మిగతావాళ్ళు ఎంజాయ్ చేస్తున్నారు కదా అని ఊరుకున్నా." వీడి నవ్వు చూసి వాడు, వాడి నవ్వు చూసి వీడు నవ్వారు. సైకాలజీలో దీన్ని ప్లూరలిస్టిక్ ఇగ్నోరెన్స్ అంటారు.

నవ్వకపోతే ఏమవుతుంది? బ్యాచ్ ట్రిప్‌కి పిలవరు, వాట్సాప్ గ్రూపులోంచి తీసేస్తారు, మెస్‌లో ఒంటరిగా తినాలి. ఇల్లు వదిలొచ్చిన పద్దెనిమిదేళ్ళవాడికి అది చిన్న విషయం కాదు. ఆ భయాన్ని పిరికితనమని తిట్టేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

నా సెకండియర్‌లో ఒక రాత్రి ఓ జూనియర్ చేత అగ్గిపుల్లతో వరండా కొలిపించారు. ఎన్ని పుల్లలయ్యాయో రాసే పని నాకిచ్చారు. రాశాను. వాడి మోకాళ్ళు గచ్చుకి ఒరుసుకుపోయి రక్తం వస్తున్నా రాస్తూనే ఉన్నాను. నా రూమ్మేట్ గడప మీద కూర్చుని నవ్వుతున్నాడు. వాడికిది ఇష్టమేననుకున్నాను. తొమ్మిదేళ్ళ తర్వాత విజయవాడ బస్టాండులో కలిశాం. టీ తాగుతూ ఆ సంగతి వాడే ఎత్తాడు: "ఆ రోజు నువ్వు కాగితం కింద పడేసుంటే నేను లేచేవాణ్ణిరా. నువ్వు రాస్తున్నావు కదా, నీకు ఓకేననుకున్నా."

అపోహ: ఒక్కడు మాట్లాడితే ఏమవుతుంది?

1950ల్లో సోలమన్ ఆష్ అనే సైకాలజిస్ట్ అమెరికాలో కాలేజీ కుర్రాళ్ళతో ప్రయోగాలు చేశాడు. గీతల పొడవు పోల్చి చెప్పడమే పని. చుట్టూ ఉన్నవాళ్ళంతా కావాలని ఒకే తప్పు జవాబు చెబుతుంటే, కళ్ళెదుట నిజం కనిపిస్తున్నా నలుగురిలో ముగ్గురు కనీసం ఒకసారి ఆ తప్పే చెప్పారు. ఆ గుంపులో ఒక్కడు సరైన జవాబు చెప్పేసరికి తప్పులు నాలుగో వంతుకి పడిపోయాయి. ఒక్కడంటే ఒక్కడు! అందుకే పిల్లల్ని గొడవకి దిగమని నేను చెప్పను. "రేపు ల్యాబ్ ఉందిరా, వాణ్ణి పంపించేద్దాం" అని ఒకడన్నందుకే ఆగిపోయిన ఇంట్రోలు (పరిచయం పేరుతో జూనియర్లని నిలబెట్టి ఏడిపించడం) నాకు తెలుసు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. చెయ్యి చేసుకుంటేనే ర్యాగింగ్ అన్నది తప్పు. యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ (యూజీసీ) 2009 నిబంధనల ప్రకారం మాటతో, రాతతో ఏడిపించడం కూడా ర్యాగింగే. చూసినవాడికి ఏమీ కాదన్నదీ తప్పే. చేసినవాళ్ళెవరో తేలకపోతే అందరికీ కలిపి శిక్ష వేయాలని అవే నిబంధనలు చెబుతున్నాయి. చెబితే పేరు బయటికొస్తుందా? సాక్షి పేరు కాపాడాలని కూడా వాటిలోనే ఉంది. హెల్ప్‌లైన్ 1800-180-5522, రాత్రయినా పనిచేస్తుంది. ఇంట్రో ఇవ్వకపోతే సీనియర్లు నోట్స్ ఇవ్వరన్నది ఒట్టి పుకారు. దయచేసి ఫ్రెషర్స్‌కి అది అంటించకండి.

ఇంట్లోవాళ్ళకీ ఒక మాట. "మనకెందుకు నాన్నా, నీ చదువు నువ్వు చూసుకో" అని ఫోన్‌లో చెప్పే అమ్మానాన్నల భయం నాకు అర్థమవుతుంది. కానీ ఆ రాత్రి చూసింది మింగేసి, నిద్రపట్టక నా దగ్గరికి వచ్చేది మీ పిల్లలే. పోయినేడాది ఒక తండ్రి పొలం పని ఆపుకుని వచ్చాడు. కొడుకు చూసిందంతా తలవంచుకుని చెబుతుంటే విన్నాడు. "ఆ పిల్లాడి రూమ్ ఎక్కడ? ముందు వాణ్ణి తీసుకుని భోజనానికెళ్ళు. తిని వచ్చాక కంప్లైంట్ రాద్దాం" అన్నాడు. ఆ మధ్యాహ్నం మెస్‌లో ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చున్నారు. మూడింటికి వచ్చి సంతకం పెట్టారు.