వరంగల్ ఎండకు ఆగే వాసన గులాబి ఎట్ల ఎంచుకోవాలె

గులాబి మొక్క కొనడానికి అందరం డిసెంబర్, జనవరిలనే నర్సరీకి పోతం, ఎందుకంటే అప్పుడే పువ్వులు నిండుగ కనబడతయి, కానీ ఆ నెలలల్ల మన దగ్గర ఏ గులాబి అయినా బాగనే ఉంటది. చలికాలం, పురుగు తక్కువ, ఎండ మెత్తగ ఉంటది. మొక్క గట్టిదా కాదా అనేది తెలిసేది మే నెలల, మళ్ళ సెప్టెంబర్ల. అందుకే ఎవరు అడిగినా నేను చెప్పేది ఒకటే, కొనే ముందు ఆ రెండు నెలలల్ల మీ వాడకట్టుల ఒక చుట్టు తిరగండి. హన్మకొండల అయినా, కాజీపేటల అయినా, పాత ఇండ్లు ఉన్న గల్లీలల్ల ఎక్కడో ఒక దగ్గర ముదురు గులాబి చెట్టు ఉంటది, దానికి ఎవరూ మందు కొట్టరు, గిన్నెలు కడిగిన నీళ్ళు పోస్తే చాలు, పువ్వు చిన్నగ వదులుగ ఉంటది గాని పొద్దుగాల గేటు దగ్గరికి పోంగనే వాసన తగులుతది. మనకు కావాల్సింది అసొంటి చెట్టు.

మే నెలనే ఎందుకంటే, విదేశీ గులాబి పుస్తకాలల్ల గట్టి మొక్క అంటే మంచుకు చావని మొక్క, మనకు ఆ బాధ లేదు, మన బాధంతా 43, 44 డిగ్రీల ఎండ. ఆ ఎండల గాలి పొడిగ ఉంటది కాబట్టి ఎర్రనల్లి అనే కంటికి సరిగ ఆనని పురుగు విపరీతంగ పెరుగుతది. ఒక ఆకు తెంపి తిప్పి చూడండి, ఫోన్ కెమెరా జూమ్ చేస్తే ఇంకా మంచిది. పైన సూదితోని పొడిచినట్టు సన్నటి పసుపు చుక్కలు, కింద ఈనెల పక్కన దుమ్ము లాంటివి మెల్లగ కదులుతుంటే, సన్నటి బూజు దారాలు కనబడితే అది ఎర్రనల్లి. అది ఆకుల రసం పీల్చేస్తది, ఆకు రాలుతది, ఆకు లేని కొమ్మకు నీడ పోయి బెరడు మాడుతది. మేల కూడా సగానికంటే ఎక్కువ ఆకు నిలుపుకున్న చెట్టు ఉందంటే దాన్ని గుర్తు పెట్టుకోండి.

సెప్టెంబర్ల వేరే సమస్య, నల్లమచ్చ తెగులు. ఇది డిప్లోకార్పన్ అనే శిలీంధ్రం, ఆకు దాదాపు 7 గంటలు ఆగకుండ తడిగ ఉంటేనే దాని విత్తనాల లాంటి సన్నటి కణాలు మొలిచి లోపలికి పోతయి. మన వానలల్ల రాత్రంతా తడి ఆరదు కాబట్టి దానికి పండుగే. కింది ఆకుల మీద అంచులు చెదిరినట్టుండే నల్ల మచ్చలు వస్తయి, చుట్టూ పసుపు పడతది, వారం పది రోజులల్ల చెట్టు కింది భాగం బోడి అయితది. సాయంత్రం పైపుతోని ఆకుల మీద నీళ్ళు కొట్టే అలవాటు ఉంటే వానాకాలంల మానుకోవాలె, పొద్దుగాల, చెట్టు మొదలు దగ్గరనే పోయాలె.

ఇగ వాసన సంగతి. చానా మంది అనుకునేది ఏందంటే వాసన గులాబీలు సున్నితం, గట్టి గులాబీలకు వాసన ఉండదు, రెండూ కలిసి రావు అని. దీనికి అంత ఆధారం లేదు. 2015ల ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు ఘాటుగ వాసన వచ్చే పాపా మెయిలాండ్ రకాన్ని, వాసన దాదాపు లేని రూజ్ మెయిలాండ్ రకాన్ని పక్కపక్కన పెట్టి ఏ జీన్లు పనిచేస్తున్నయో చూసిన్రు. మిగతా మొక్కలల్ల జెరానియాల్ అనే సువాసన పదార్థం తయారయ్యే దారి ఒకటి ముందే తెలుసు, గులాబి ఆ దారిల పోతలేదు. నుడిక్స్ అనే కుటుంబానికి చెందిన ఒక ఎంజైమ్ రేకుల కణాలల్ల ఈ పని మొదలుపెడుతున్నది, అదే కుటుంబం ఎంజైములు మామూలుగ కణంల పాడైన డీఎన్‌ఏ ముక్కలను శుభ్రం చేసే పనిల ఉంటయి! వాసన ఉన్న రకంల ఆ జీన్ గట్టిగ పనిచేస్తది, వాసన లేని దాంట్ల దాదాపు మూగబోయి ఉంటది. అంటే ఒక స్విచ్ లాంటిది, మొక్క బలానికి దానికి నేరుగ ముడి లేదు. బొకే గులాబీలు పెంచేటోళ్ళు కాడ పొడుగు, రంగు, తమిళనాడుల పూలతోటల ఊరు హోసూర్ నుంచి లారీ ఎక్కి వచ్చినా వాడకుండ ఉండుడు, ఇవే చూసుకుంట తరతరాలు ఎంచిన్రు, వాసన ఎవరూ అడగలే, అది జారిపోయింది. నాకు ఇది నిజంగ బాధనిపిస్తది, ఎందుకంటే ఇప్పుడు పిల్లలు గులాబి చేతుల పెడితే ముక్కు దగ్గర పెట్టుకోరు.

జెరానియాల్ ఒక్కటే కాదు, సిట్రొనెల్లాల్, ఫినైల్ ఇథనాల్ కూడా ఉంటయి, బీటా డమాసినోన్ అయితే అత్తరు నూనెల ఒక శాతం కూడా ఉండదు గాని మన ముక్కుకు గులాబి అని తెలిసేదాంట్ల దానిదే పెద్ద చెయ్యి. ఇవన్నీ ఆవిరయ్యేవి, ఎండ ఎక్కితే పోతయి. ఉత్తరప్రదేశ్‌ల కన్నౌజ్ ఊరి అత్తరు కోసం పువ్వులు తెల్లారకముందే మొదలుపెట్టి ఎండ ముదరకముందే తెంపుడు అందుకే, ఒక్క కిలో నూనెకు మూడున్నర నుంచి నాలుగు టన్నుల పువ్వు కావాలె. కాబట్టి మధ్యాహ్నం రెండింటికి నర్సరీకి పోయి వాసన లేదు అని పక్కన పెట్టకండి. పొద్దుగాల, సగం విచ్చిన పువ్వును రెండు చేతులతోని కప్పి లోపలికి నోటితోని వెచ్చటి ఊపిరి వదిలి అప్పుడు పీల్చి చూడండి. మొగ్గల వాసన ఉండదు, రేకులు వాడిపోయినంక కూడా ఉండదు.

ఏ రకం అంటే, నా మొదటి ఓటు ఎడ్వర్డ్ గులాబికి, మన దగ్గర దీన్ని నాటు గులాబి అని, కొందరు పన్నీరు గులాబి అని అంటరు, ఆ పేరుతోని వేరేవి కూడా అమ్ముతరు కాబట్టి పేరు కాదు పువ్వు చూసి తీసుకోవాలె. ఇది బోర్బన్ జాతి. హిందూ మహాసముద్రంల రీయూనియన్ దీవి ఉంది, అప్పట్ల దాని పేరు బోర్బన్, అక్కడ పొలాలకు కంచెలాగ పెట్టిన డమాస్క్ గులాబి, చైనా గులాబి కలిసి పుట్టిన మొక్కలు ఇవి, 1820 ప్రాంతంల అక్కడి నుంచి ఫ్రాన్స్‌కు చేరినయి. తల్లిదండ్రుల నుంచి ఏం వచ్చిందో చూడండి: డమాస్క్ నుంచి వాసన, చైనా నుంచి మళ్ళమళ్ళ పూసే గుణం. అసలు డమాస్క్ ఎక్కువగ ఏడాదికి ఒక్క సీజన్ల పూస్తది, దానికి చలి కూడా బాగ కావాలె, మన దగ్గర పెడితే ఆకు మస్తుగ వస్తది గాని పువ్వు కోసం ఎదురుచూడాలె. చైనా గులాబిల పూతను ఆపే జీన్ ఒకటి పాడయింది, బ్రేకు పోయినట్టు, అందుకే అది ఏడాదంతా పూస్తది, నేటి గులాబీలకు ఆ గుణం చానా మటుకు అక్కడి నుంచే వచ్చింది.

రెండోది గ్రుస్ ఆన్ టెప్లిట్జ్, 1897ల రుడాల్ఫ్ గెష్‌విండ్ అనే ఆయన తయారు చేసింది, ముదురు ఎరుపు, మసాలా తగిలినట్టు వాసన. మెడ వంగుతది కాబట్టి బొకేకు పనికిరాదు, దండలకు, ఇంటి ముందుకు బాగుంటది. మన దేశపుదే కావాలంటే బి.పి. పాల్ గారి రోజ్ షర్బత్ వెతకండి. ఆయన గోధుమల తుప్పు తెగులును తట్టుకునే రకాలు తెచ్చిన శాస్త్రవేత్త, గులాబీలంటే ప్రాణం. డబుల్ డిలైట్, పాపా మెయిలాండ్ వాసన అద్భుతం, కానీ తెగుళ్ళు తొందరగ పడతయి, ప్రతి వారం చూసుకునే ఓపిక ఉంటేనే తీసుకోండి. కాశ్మీరీ, బటన్ అని అమ్మే చిన్న గుత్తి గులాబీలు గట్టివే, బాగ పూస్తయి, వాసన కోసం మాత్రం కాదు.

ఇంకో మాట, ఇది చానా ముఖ్యం. నర్సరీల దొరికేది ఎక్కువగ అంటు మొక్క, కింద వేరు ఒక రకం, పైన పువ్వు ఇంకో రకం. ఎండకు పై భాగం చచ్చిపోతే కింద నుంచి పిలక వస్తది, మనం మొక్క బతికిందని సంబరపడతం, కానీ అది వేరు మొక్క, పువ్వు వస్తే వేరేది వస్తది. అంటు ముడి కింద నుంచి వచ్చే ప్రతి పిలకను మొదట్లనే మొదలుకంటా పీకేయాలె, ఆకులు ఐదా ఏడా అని లెక్కపెట్టి నమ్మకండి, ఎక్కడి నుంచి వచ్చిందో మట్టి తీసి చూడండి. ఎడ్వర్డ్ అయితే కొమ్మ గుచ్చితేనే వేరు పోస్తది, అప్పుడు మేల నేల దాక ఎండినా మళ్ళ అదే గులాబి లేస్తది. పక్కింటి ఆంటీని అడిగి జూలైల, పువ్వు పూసి రాలిపోయిన, పెన్సిల్ అంత లావు కొమ్మ ఒకటి జానెడు తెచ్చుకొని, కింది ఆకులు తీసేసి, కణుపు కింద కోసి, ఇసుక కలిపిన మట్టిల నీడకు గుచ్చితే నెలన్నరల వేరు పడతది.

నేల సంగతి తొందరగ చెప్తా. నల్లరేగడి వానకు నీళ్ళు పట్టుకొని వేర్లు కుళ్ళుతయి, ఎండకు పగుళ్ళు ఇస్తది, కాబట్టి గడ్డ మీద పెట్టి పెంట, ఇసుక కలపండి. చల్క నేల అయితే ఇసుక వద్దు, పెంట మాత్రం ఎక్కువేయండి. చానా బోరు నీళ్ళల్ల సున్నం ఎక్కువ, దాంతోని ఇనుము మొక్కకు అందదు, కొత్త ఆకు పసుపయ్యి ఈనెలు మాత్రం పచ్చగ ఉంటయి. వాన నీళ్ళు డ్రమ్ముల పట్టి పోస్తే తేడా కనబడతది.

కత్తిరింపు సద్దుల బతుకమ్మ, దసరా అయినంక పెట్టుకోండి, అక్కడి నుంచి సుమారు 45 రోజులకు పూత వస్తది, చలి మొదలైతది కాబట్టి వాసన కూడా అప్పుడే ఎక్కువ. ఆ పువ్వులతోని గుల్కంద్ వేసుకుంటే మీ సొంత చెట్టువే వాడండి, నర్సరీ నుంచి కొత్తగ తెచ్చిన మొక్కకు మందులు కొట్టి ఉంటరు, దాని మొదటి పూత తలల పెట్టుకోండి, నోట్ల మాత్రం పెట్టుకోకండి.