ఉల్లిపొరలో హరితరేణువు ఎక్కడుందమ్మా? బయాలజీలో అపోహలు - వాస్తవాలు

నేను ఇంటర్ బైపీసీ పిల్లలకి బాటనీ చెబుతాను. జువాలజీ మేడమ్ సెలవు పెడితే ఆ క్లాసూ నాదే. ఇన్నేళ్లలో నాకు అర్థమైంది ఏమిటంటే, పిల్లలు పూర్తిగా తప్పు నేర్చుకున్నవి తక్కువ, సగం నేర్చుకుని వదిలేసినవి ఎక్కువ. "మైటోకాండ్రియా కణశక్త్యాగారం" అన్న బిట్ తప్పేం కాదు. అక్కడే ఆగిపోతేనే చిక్కు. పెద్దవాళ్లు కూడా ఏం తక్కువ తినలేదు, వాళ్లూ ఒకప్పుడు ఈ బిట్లు బట్టీపట్టి పాసైనవాళ్లే.

అపోహ: మొక్క కణమంటే పుస్తకంలో ఉన్న బొమ్మే

ఫస్టియర్ మొదట్లో చేయించే ప్రాక్టికల్ ఉల్లిపొర. ఉల్లిపాయను నిలువుగా కోసి, ఒక రేకు లోపలివైపు గోటితో గీరి లాగితే పలచటి కవరు ముక్కలాంటి పొర ఊడి వస్తుంది. దానికి సాఫ్రనిన్ రంగు పట్టించి, కడిగి, స్లైడ్ మీద గ్లిజరిన్ చుక్కలో పరిచి, కవర్ స్లిప్‌ని నీడిల్‌తో ఏటవాలుగా దించాలి. టప్పున పడేస్తే గాలి బుడగలు వస్తాయి. ఏటా కొంతమంది ఆ బుడగనే చూసి, "కణం భలే గుండ్రంగా ఉంది మేడమ్" అంటారు.

ఒకసారి ఒక అమ్మాయి మైక్రోస్కోప్ దగ్గరికి రాకముందే రికార్డులో బొమ్మ పూర్తిచేసేసింది. ఎండతో ఆహారం తయారుచేసే హరితరేణువులు, మైటోకాండ్రియా, గాల్జీ, అన్నీ రంగు పెన్సిళ్లతో ముచ్చటగా వేసింది.

"ఉల్లిపాయ ఎక్కడ ఊరుతుందమ్మా?"

"నేలలో మేడమ్."

"ఈ లోపలి రేకుకి ఎండ తగులుతుందా?"

ఆ అమ్మాయి రబ్బరు తీసింది. చెరపొద్దు, పక్క పేజీలో కనబడింది గియ్యి అన్నాను. లెన్స్‌లో చాలాసేపు చూసి, ఇటుకలు పేర్చినట్టు వరసలు గీసింది, ఒక్కో ఇటుకలో గోడ పక్కగా ఒక గులాబీ చుక్క పెట్టింది. తర్వాత తనే అడిగింది: "కేంద్రకం అన్నారు కదా మేడమ్, మరి మధ్యలో లేదేంటి?"

ఆ ప్రశ్నకి నేను పదికి పది వేస్తాను. ముదిరిన మొక్క కణంలో మధ్య భాగమంతా రిక్తికదే, అంటే నీళ్ల సంచిది. అది కేంద్రకాన్ని గోడవైపు నెట్టేస్తుంది. హరితరేణువులు ఎండ తగిలే పచ్చటి భాగాల్లో ఉంటాయి, ఉల్లిపొరలోనో వేరులోనో వెతికితే దొరకవు. మైటోకాండ్రియా ఉల్లిపొరలో ఉన్నాయి, కానీ రంగు వేసిన ఈ స్లైడులో, మా మైక్రోస్కోప్‌తో కనపడవు.

పుస్తకంలో బొమ్మ దినుసులన్నీ చూపించడానికి వేసిన నమూనా. అన్నీ సమానంగా ఉన్న అలాంటి కణం ఏ మొక్కలోనూ దొరకదు. మన ఎర్ర రక్తకణంలో కేంద్రకమే ఉండదు. ఎముకలకి అంటుకుని ఉండే కండరాల కణంలో ఒకటికి బదులు ఎన్నో ఉంటాయి. కణమంటే కంటికి ఆననిదే అనుకుంటే అదీ తప్పే, ఫారం కోడిగుడ్డులో పచ్చసొన ఒకే ఒక్క కణం.

నిజం చెప్పాలంటే తప్పు పిల్లలది కాదు. నేను చదువుకున్న చోట కూడా చూసింది గీస్తే మార్కులు తగ్గేవి, పుస్తకంలో ఉన్నది గీస్తే వెరీగుడ్ పడేది.

అపోహ: సిద్ధాంతమంటే ఇంకా రుజువు కానిది, రుజువైతే నియమం అవుతుంది

ఈ మాట ఇంగ్లిష్ నుంచి దిగుమతైంది. అక్కడ మాటల్లో థియరీ అంటే ఊహ అనే అర్థం కూడా ఉంది. మన మాటలో ఆ గొడవే లేదు, సిద్ధాంతం అంటేనే తేలిన విషయం. ఊహ స్థాయిలో ఉన్నదాన్ని మనం పరికల్పన అంటాం.

నియమం ఏం జరుగుతుందో చెబుతుంది, సిద్ధాంతం ఎందుకలా జరుగుతుందో చెబుతుంది. ఒకటి ఎదిగి ఇంకొకటి కాదు. మెండెల్ స్వతంత్ర వ్యూహన నియమాన్నే తీసుకోండి, అంటే వేర్వేరు లక్షణాల జన్యువులు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా పిల్లలకి చేరతాయన్నది. ఒకే క్రోమోజోమ్ మీద దగ్గరదగ్గరగా ఉన్న జన్యువుల దగ్గర అది పనిచేయదు. పేరుకి నియమమే, మినహాయింపులున్నాయి. జీవులన్నీ కణాలతో కట్టినవే అన్న కణ సిద్ధాంతమేమో నిలబడే ఉంది.

అలాగని ఆ సిద్ధాంతం ఒక్కరోజులో రాలేదు. 1838లో ష్లైడెన్ మొక్కలన్నీ కణాలతో కట్టినవే అన్నాడు, 1839లో ష్వాన్ జంతువులూ అంతే అన్నాడు. అంతవరకూ సరే. కొత్త కణాలెలా వస్తాయంటే మాత్రం ష్లైడెన్ పప్పులో కాలేశాడు. పాకంలో పటికబెల్లం పలుకు కట్టినట్టు లోపలి ద్రవంలోంచి పేరుకుంటాయి అనుకున్నాడు. కణాలు చీలడం రీమాక్ చూశాడు. 1855లో విర్కో "కణం నుంచే కణం" అని ఒక్క మాటలో పెట్టాడు. మొదటివాళ్ల మాటలో తప్పు భాగం రాలిపోయింది, ఒప్పు భాగం మిగిలింది.

అపోహ: మొక్కలు పగలు ఆక్సిజన్ వదులుతాయి, శ్వాసించేది రాత్రే

చింతచెట్టు కింద పడుకుంటే దెయ్యం పడుతుందనేది మా అమ్మమ్మ మాట. ఇప్పుడు దెయ్యం పోయి ఆ కొమ్మ మీదికి కార్బన్ డయాక్సైడ్ ఎక్కి కూర్చుంది. మొక్క పగలూ రాత్రీ శ్వాసిస్తూనే ఉంటుంది. మంచి ఎండలో కిరణజన్య సంయోగక్రియ దాన్ని మించిపోతుంది కాబట్టి మొత్తం మీద ఆక్సిజన్ బయటికొస్తుంది. ఇక రాత్రి గదిలో కుండీ మొక్క వదిలేదెంత? పక్కన పడుకున్న మనిషి వదిలేదాంతో పోలిస్తే లెక్కలోకే రాదు. భయపడితే మనిషిని చూసి భయపడాలి.

శ్వాస ఆకులకే అనుకోవద్దు. మిరప చేలో రెండ్రోజులు నీళ్లు నిలిస్తే మొక్క తలవాల్చేస్తుంది. చుట్టూ నీళ్లుండగా ఎండిపోవడమేమిటని కొత్తవాళ్లు ఆశ్చర్యపోతారు. వేళ్ల కణాలకి ఊపిరాడక నీళ్లు తోడే పని ఆగిపోయింది, అంతే సంగతి. వరికి వేళ్లలో గాలి గదులున్నాయి కాబట్టి నీళ్లలో నిలబడగలుగుతుంది.

దీని వెనకే ఇంకోటి వస్తుంది: చెట్టు మట్టిని తిని పెరుగుతుందని. వాన్ హెల్మాంట్ అనే ఆయన సుమారు 90 కిలోల ఎండుమట్టిలో 2 కిలోల పైచిలుకు విల్లో మొక్క నాటి, అయిదేళ్లు నీళ్లు మాత్రమే పోశాడు. చెట్టు దాదాపు 77 కిలోలైంది, మట్టిలో తరిగింది 60 గ్రాముల లోపే. ఆయన పోయాక 1648లో ఇది అచ్చయింది. మట్టి కాదని తేల్చడం వరకూ భేష్. అయితే మరి నీళ్లే చెట్టయ్యాయి అనేశాడు. గాలిని తూకంలో వేయాలని తోచలేదు పాపం. ఎండుకట్టెలో కార్బన్ అంతా గాలిలోంచి వచ్చిందే.

అపోహ: సెలైన్ ఎక్కిస్తే బలం వస్తుంది

ఇది క్లాసులో కంటే ఊళ్లో ఎక్కువ వింటాను. నీరసంగా ఉంటే "ఒక బాటిల్ ఎక్కించండి" అని జనమే డాక్టర్ని అడుగుతారు. మామూలు సెలైన్ అర లీటరు సీసాలో ఉండేది నీళ్లు, నాలుగున్నర గ్రాముల ఉప్పు. అందులో ఒక్క క్యాలరీ లేదు. గ్లూకోజ్ సీసా, అంటే 5 శాతం డెక్స్‌ట్రోజ్, అర లీటరులో 25 గ్రాములు. ఒక అరటిపండు తిన్నా ఇంచుమించు అంతే ఒంటికి పడుతుంది. విరేచనాలై ఒళ్లు ఎండిపోయినప్పుడు సెలైన్ ప్రాణం నిలుపుతుంది, అది వేరే మాట. డాక్టరు అవసరమంటే ఎక్కించుకోవాల్సిందే.

మరి అందులో ఉప్పెందుకు? ఇక్కడ మాగాయ గుర్తుచేసుకోవాలి. చెక్కు తీసిన మామిడి ముక్కలకి ఉప్పు పట్టించి మూడు రోజులు జాడీలో ఉంచితే ముక్కలు మునిగేలా ఊట వస్తుంది. మనం నీళ్లు పోయలేదు. ముక్కల కణాల్లోంచి నీళ్లు ఉప్పు ఎక్కువున్న వైపుకి వచ్చేశాయి. అదే ద్రవాభిసరణ.

ల్యాబులో దీన్ని రియో ఆకుతో చూపిస్తాం. ఆకు అడుగు ఊదారంగు కాబట్టి విడిగా రంగు వేయక్కర్లేదు. పొర తీసి నీళ్లలో పెడితే కణం నిండా ఊదారంగే. ఫిల్టర్ కాగితంతో నీళ్లు అద్ది ఉప్పు నీళ్లు వేస్తే, కాసేపట్లో ఆ ఊదా ముద్ద గోడల్ని వదిలేసి మధ్యకి ముడుచుకుంటుంది. గోడ మాత్రం కదలదు. వెంటనే మళ్లీ మంచినీళ్లు వేస్తే మెల్లగా ఉబ్బి గోడను తాకుతుంది. ఎప్పుడూ గోల చేసే బెంచీ కూడా ఆ రెండు నిమిషాలు నోరెత్తదు.

ఎర్ర రక్తకణానికి ఆ గోడ లేదు. ఉత్త నీళ్లలో పడితే ఉబ్బి పగిలిపోతుంది, ఉప్పు ఎక్కువైతే ముడుచుకుపోతుంది. అందుకే సీసాలో 0.9 శాతం ఉప్పు. ఆ గాఢత దగ్గర నీళ్లు ఆగిపోతాయని పిల్లలు రాస్తారు. ఆగవు. లోపలికెళ్లే అణువులు, బయటికొచ్చే అణువులు లెక్కకి సరిపోతాయి, అంతే.

చిన్నవి మూడు, గబగబా. కంటి కణానికి ఒక డీఎన్ఏ, కాలేయానికి ఇంకోటి ఉండవు, దాదాపు ఒంట్లోని కణాలన్నిటికీ ఒకటే. ఏ పేజీలు తెరిచి చదువుతున్నాయన్నదే తేడా. ఒంట్లో మన కణాలకంటే బ్యాక్టీరియా పదిరెట్లు అన్నది పాత అంచనా, 2016లో లెక్క సరిచూస్తే మనవి సుమారు 30 లక్షల కోట్లు, వాటివి 38 లక్షల కోట్లు అని తేలింది. ఆడపిల్ల పుట్టిందని కోడల్ని అనే అత్తగార్లకి: తల్లి ఎప్పుడూ ఎక్స్ క్రోమోజోమే ఇస్తుంది, ఎక్సో వైయో ఇచ్చేది మీ అబ్బాయే.

అపోహ: మైటోకాండ్రియా శక్తిని పుట్టిస్తుంది

పుట్టించదు, మారుస్తుంది. అన్నంలో ఉన్న శక్తిని కణం ఖర్చుపెట్టుకోగలిగే చిల్లరగా మారుస్తుంది. ఆ చిల్లర పేరు ఏటీపీ. దాన్ని కనిపెట్టినవాళ్లలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఉన్నారని చెబితే పిల్లలు నిటారుగా కూర్చుంటారు. 1929లో హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి ఆయన, అదే ఏడాది జర్మనీలో లోమన్ విడిగా, కండరంలోంచి దాన్ని పట్టుకున్నారు.

ఆ చిల్లర దాచుకునేది కాదు. ఏ క్షణాన చూసినా ఒంట్లో ఏటీపీ గ్రాముల్లోనే ఉంటుంది, కానీ అదే మళ్లీ మళ్లీ తయారవుతూ రోజుకి పదుల కిలోలు చేతులు మారుతుంది. మైటోకాండ్రియా లేకపోతే ఏటీపీ రాదా అంటే వస్తుంది. ఎర్ర రక్తకణంలో అది లేదు, బ్యాక్టీరియాలోనూ లేదు. గ్లూకోజ్‌ని సగంలో విరిచి కొద్దిపాటి ఏటీపీ తీసుకుంటూ ఎర్రకణం 120 రోజులు బతికేస్తుంది.

ఏటీపీలో "అధిక శక్తి బంధం తెగగానే శక్తి విడుదలవుతుంది" అని రాస్తారు కదా, అది కూడా సగమే. ఏ బంధాన్ని తెంచాలన్నా శక్తి పెట్టాలి. నీటితో చర్య జరిగి కొత్తగా ఏర్పడిన పదార్థాలు ఏటీపీ కంటే కుదురుగా ఉంటాయి, ఆ తేడాయే మనకి మిగిలే శక్తి. ఇక్కడ మా కెమిస్ట్రీ సార్‌కి నామీద ప్రేమ పుడుతుంది.

ఒక గ్లూకోజ్‌కి ఎన్ని ఏటీపీలన్న లెక్క కూడా అంతే. మేం చదివినప్పుడు 36 లేదా 38. మైటోకాండ్రియా లోపలి పొర గుండా ప్రోటాన్లు కారిపోవడం, సరుకు అటూఇటూ మోయడానికయ్యే ఖర్చు కలిపి చూస్తే ఇప్పటి అంచనా 30, 32 దగ్గర ఉంది. ఇది చెప్పిన ప్రతి ఏడాదీ వెనక బెంచీలోంచి ఒకడు చెయ్యెత్తుతాడు.

"మేడమ్, మరి నీట్‌లో ఏది పెట్టాలి?"

"38 పెట్టు నాన్నా."