8÷2(2+2): జవాబు 16 అనేవాళ్లూ, 1 అనేవాళ్లూ ఎక్కడ విడిపోయారు?

ఈ లెక్క మళ్లీ వాట్సాప్ గ్రూపుల్లోకి వచ్చింది. 2011లో 48÷2(9+3), 6÷2(1+2) రూపాల్లో ఇంటర్నెట్‌లో పెద్ద గొడవే అయింది. 2019 వేసవిలో ట్విటర్‌లో ఇప్పటి అంకెలతో తిరిగింది. అప్పట్లో కార్నెల్ యూనివర్సిటీ గణిత ప్రొఫెసర్ స్టీవెన్ స్ట్రోగట్జ్ న్యూయార్క్ టైమ్స్‌లో దీని మీద వ్యాసం రాసి, స్కూల్లో చెప్పే నియమం ప్రకారం 16 అన్నారు. అయినా వాదన ఆగలేదు.

16 అనేవాళ్ల లెక్క సులువే. ముందు బ్రాకెట్ తీస్తే 4. భాగహారానికీ గుణకారానికీ సమాన హోదా కాబట్టి ఎడమ నుంచి కుడికి చేసుకుంటూ పోవాలి. 8ని 2తో భాగిస్తే 4, దాన్ని 4తో గుణిస్తే 16. గూగుల్‌లో కొట్టినా ఇదే వస్తుంది. ఆ ధీమాతోనే 1 అన్నవాళ్లను స్కూల్లో నిద్రపోయారా అని వెక్కిరిస్తుంటారు. ఇది అన్యాయం. వాళ్లు నియమం మరిచిపోయి 1 అనడం లేదు. మధ్యలో గుణకారం గుర్తు లేకుండా అంటిపెట్టుకుని ఉన్న 2(2+2)ని ఒకే ముద్దగా చదువుతున్నారు. ఆ ముద్ద విలువ 8, 8ని 8తో భాగిస్తే 1. అలా చదవడం నిన్నమొన్న పుట్టిన అలవాటు కాదు.

ఇది అర్థం కావాలంటే 1917కి వెళ్లాలి. అప్పటి అమెరికా ఆల్జీబ్రా పుస్తకాల్లో గుణకార భాగహారాలను వరుసగా ఎడమ నుంచి కుడికి చేయాలనే నియమం అచ్చవుతుండేది. మోంటానా యూనివర్సిటీ ప్రొఫెసర్ ఎన్.జె. లెన్నెస్ ఆ ఏడాది అమెరికన్ మ్యాథమెటికల్ మంత్లీ అనే గణిత పత్రికలో ఒక చిన్న వ్యాసం రాసి ఈ నియమాన్ని నిలదీశారు. ఆయన చూపించిన ఉదాహరణ 9ఎ² ÷ 3ఎ. దీనికి జవాబు 3ఎ అని ఎవరైనా చెబుతారు. కానీ పుస్తకంలోని నియమాన్ని అక్షరాలా పాటిస్తే 9ఎ²ని ముందు 3తో భాగించి, వచ్చిన దాన్ని ఎ తో గుణించాలి. అప్పుడు 3ఎ³ వస్తుంది. అలా చేసేవాళ్లు ఎవరూ లేరు, ఆ నియమం రాసినవాళ్లు కూడా చేయరు. వ్యాకరణం రాసేవాడు జనం మాట్లాడే భాషను నమోదు చేయాలి తప్ప తనకు నచ్చినట్టు మార్చకూడదని, ఆల్జీబ్రాకూ ఇది వర్తిస్తుందని ఆయన వాదన. నా దృష్టిలో ఈ వివాదమంతా ఆ వ్యాసంలోనే ఉంది. ఆయన ఎత్తిచూపిన తేడాను ఎవరూ సరిచేయలేదు. పుస్తకాల్లో నియమం అలాగే మిగిలింది, చేతిలో అలవాటూ అలాగే మిగిలింది. ÷, × రెండూ వస్తే ఏది ముందో ఇప్పటికీ ఏకాభిప్రాయం లేదని గణిత చిహ్నాల చరిత్ర రాసిన ఫ్లోరియన్ కజోరి 1928లో రాశారు.

మన దగ్గర దీనికి ఇంకో పాయ ఉంది. లెక్కలో ఏది ముందు చేయాలో గుర్తుపెట్టుకోవడానికి అమెరికా పిల్లలు నేర్చుకునే పెమ్డాస్‌లో బ్రాకెట్ల తర్వాత ఘాతాంకాలు వస్తాయి. మన బోడ్‌మాస్‌లో ఆ చోట 'ఆఫ్' ఉంటుంది. బ్యాంకు, రైల్వే పరీక్షలకు చదివినవాళ్లకు సూక్ష్మీకరణల చాప్టర్ గుర్తుండే ఉంటుంది. 24 ÷ 6 × 2 అంటే 8. అదే 24 ÷ 6 ఆఫ్ 2 అంటే ముందు 12, ఆ తర్వాత 24 ÷ 12, జవాబు 2. అంటే ఒక రకం గుణకారం భాగహారం కన్నా ముందు జరగాలని మనకు నేర్పారు. ఆ అలవాటున్నవాళ్లు 2(2+2)ని 'ఆఫ్' లాగే చదివి 1 అంటే తప్పుపట్టడానికి ఏముంది?

యంత్రాలూ తీర్పు చెప్పలేవు. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి టీఐ-82 కాలిక్యులేటర్ గుర్తు లేని గుణకారాన్ని ముందు చేసేది. ఆ తర్వాత వచ్చిన టీఐ-83 ఎడమ నుంచి కుడికే పోతుంది. కంపెనీ ఒకటే, జవాబులు రెండు. క్యాసియో క్లాస్‌విజ్ మోడల్‌లో 6÷2(1+2) కొట్టి ఈక్వల్ నొక్కితే అదే బ్రాకెట్ చేర్చుకుని 6÷(2(1+2)) అని మార్చి 1 చూపిస్తుంది.

ఫిజికల్ రివ్యూ అనే భౌతికశాస్త్ర పత్రికలు, ఏటవాలు గీత (/) పెట్టి రాసిన భాగహారం కన్నా గుణకారమే ముందని తమ రచయితలకు చెబుతాయి. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ 2009 నాటి ఐఎస్ఓ 80000-2లో భాగహారానికి ÷ గుర్తు వాడవద్దని చెప్పింది. ఏటవాలు గీత పెట్టి భాగించాక అదే వరుసలో గుణకారం రావాలంటే బ్రాకెట్ తప్పనిసరి అంది. ఆ లెక్కన ఈ ప్రశ్నను ఇలా రాయడానికే వీల్లేదు. 16 కావాలంటే (8/2)(2+2) అని రాయాలి, 1 కావాలంటే 8/(2(2+2)) అని రాయాలి.