ఒడ్డు నుంచి స్పూన్ విసిరేవాళ్ళకు: అపోహలు - వాస్తవాలు

తిరుపతి నుంచి నాయుడుపేట మీదుగా తూపిలిపాలెం పోయి గాలం వేసే కుర్రాళ్ళు ఈమధ్య బాగా పెరిగారు. నాకదే సంతోషం. కాకపోతే చెరువులో కొర్రమీనుకు కప్ప ల్యూర్ (కప్పలా కనిపించే ఉత్తుత్తి ఎర) వేసిన అలవాటుతోనే చాలామంది సముద్రానికి వస్తున్నారు. స్పూన్ గురించి, అంటే ఎరకు బదులు లైన్ చివర కట్టి లాగే వంపు తిరిగిన లోహపు రేకు గురించి, వాళ్ళ నోట నేను తరచూ వినే మాటలివి.

అపోహ: ఎంత మెరిస్తే అంత మంచి స్పూన్.

"అన్నా, తళతళలాడేది ఒకటి చూపించు" అంటారు. మెరుపు కావాల్సిందే, కానీ స్పూన్‌ను ఆడించేది దాని వంపు. లాగేటప్పుడు నీళ్ళు ఒకసారి ఈ పక్క నుంచి, ఒకసారి ఆ పక్క నుంచి జారిపోతాయి. దాంతో రేకు దెబ్బ తగిలిన చిన్న చేపలా ఊగుతుంది. చేప ఆ కదలికను తన ఒంటి పక్కనున్న చారతో పసిగడుతుంది. వానాకాలంలో స్వర్ణముఖి బురదనీళ్ళు వచ్చి కలిసినప్పుడు, చేపకు కన్ను ఆనని చోట, మీకు పనికొచ్చేది ఆ ఊపే. రంగు విషయానికొస్తే, నీళ్ళు తేటగా ఉంటే వెండి, కలకగా ఉంటే రాగి లేదా బంగారు రంగు వాడతాను. దానికంటే ముందు సైజు చూస్తాను. ఒడ్డున నెత్తళ్ళు తిరుగుతుంటే వేలెడంత సన్నది, కవ్వళ్ళు తిరుగుతుంటే కాస్త వెడల్పుది.

కొన్న స్పూన్‌ను కొన్నట్టే దూరంగా విసరకండి. ముందు కాళ్ళ దగ్గర నీళ్ళలో రెండు బారలు లాగి చూడండి. మరీ మెల్లగా లాగితే కదలిక లేకుండా బద్ధకంగా వస్తుంది. కాస్త వేగం పెంచితే ఊగడం మొదలవుతుంది, రాడ్ కొస టకటకలాడుతుంది. ఇంకా పెంచితే గిరగిరా తిరిగి లైన్‌కు పురి ఎక్కుతుంది. ఆ మధ్య వేగమే దానికి సరైనది. ప్రతి స్పూన్‌కూ అది వేరుగా ఉంటుంది కాబట్టి చేతికి పట్టుబడేదాకా లాగి చూడాల్సిందే. పురి ఎక్కకుండా ఒక మంచి స్వివెల్ (లైన్ మధ్యలో కట్టే, తనంతట తిరిగే చిన్న లోహపు ముక్క) కూడా కట్టండి.

అపోహ: బరువైనదైతే దూరం పోతుంది, చేపలన్నీ దూరంలోనే ఉంటాయి.

మొదటి సగం నిజం. ఒకే బరువులో కూడా మందంగా, సన్నగా ఉన్నది గాలిని చీల్చుకుని పోతుంది. వెడల్పాటి పల్చటి రేకు గాల్లోనే తేలిపోతుంది, కానీ నీళ్ళలో బాగా ఊగుతుంది. రెండో సగమే తప్పు. ఆటు సమయంలో వెళ్ళి ఒడ్డున పది నిమిషాలు నిలబడి చూడండి. బయట ఒక వరసలో అల విరిగి నురగ కడుతుంది, అక్కడ ఇసుక మేట ఉందన్నమాట. ఆ మేటకూ ఒడ్డుకూ మధ్య, అల విరగకుండా నల్లగా కనిపించే పట్టీ ఒకటుంటుంది. పోటు ఎక్కేటప్పుడు పండుగప్ప, పార చేపలు మేతకు వచ్చేది ఆ లోతులోకే. చాలాచోట్ల అది గట్టిగా రాయి విసిరితే అందేంత దగ్గరే. అక్కడ 60 గ్రాముల దిమ్మ వేస్తే ఇసుకను గీరుకుంటూ వస్తుంది. 9, 10 అడుగుల రాడ్‌కు 20 నుంచి 40 గ్రాములు చాలు. రాడ్ మీద రాసిన బరువు మాత్రం దాటకండి.

మేట తెగిన చోట నీళ్ళు లోపలికి గుంజుతుంటాయి. చేపకు మంచి తావు, మనిషికి ప్రాణాపాయం. అక్కడ మోకాళ్ళు దాటి దిగొద్దని బతిమాలి చెబుతున్నాను.

అపోహ: ఆపకుండా గబగబా చుట్టాలి.

వంజరానికైతే సరే. పండుగప్పకు కాదు. నాలుగు చుట్లు చుట్టి, ఆపి, స్పూన్‌ను అటూఇటూ వాలుతూ దిగనివ్వండి. ఎక్కువసార్లు నోరు పెట్టేది ఆ దిగుడులోనే. అందుకే ఆ క్షణంలో లైన్ వదులు కాకూడదు.

అపోహ: స్టీల్ వైర్ లేకుండా సముద్రంలో వేయకూడదు.

పళ్ళున్న వంజరం వంటి వాటికే వైర్. వైర్ బరువుకు చిన్న స్పూన్ ఊగడం మానేస్తుంది. పండుగప్ప మొప్పల అంచు కత్తిలా కోస్తుంది కనుక, దానికి మందపాటి ఫ్లోరోకార్బన్ లీడర్ (లైన్‌కూ స్పూన్‌కూ మధ్య కట్టే, తొందరగా కోసుకుపోని దారం ముక్క) కడితే సరిపోతుంది.

అపోహ: మూడు ముళ్ళ కొక్కెం ఉంటే చేప తప్పించుకోదు.

నేను కొత్త స్పూన్‌కు చేసే మొదటి పని ట్రెబుల్ తీసి ఒంటి కొక్కెం వేయడం. నోటి మూలన గట్టిగా పడుతుంది, నాచూ చెత్తా తక్కువ తగులుకుంటాయి, చిన్న చేపను బతికుండగానే వదిలేయొచ్చు. అల కొట్టినప్పుడు ఎగిరే చేపను పట్టుకోబోతే మిగిలిన రెండు ముళ్ళు దిగేది మీ అరచేతిలోకే. ఒంటి కొక్కేనికి కూడా లోపలి ముల్లును ప్లయర్‌తో నొక్కేయండి. ఇంటికి రాగానే కొక్కెం, రింగు మంచినీళ్ళతో కడిగి ఆరబెట్టండి. స్టెయిన్‌లెస్ అని రాసున్నా ఉప్పుకు తుప్పు పడుతుంది.